పచ్చి కొమ్ము, ఎండు కొమ్ము

ఆర్మూరు రైతు త్రవ్విన పసుపును ఉడికించి, ఎండబెట్టిన పిదపనే అంగడికి తెచ్చును. ప్రోగ్రాములు వ్రాయు మన మిత్రులలో ఈ ఓర్పు కొరవడినదని మేము భావించుచున్నాము.

జావాస్క్రిప్టును నడిపించు నోడ్ సాఫ్ట్‌వేరునే చూడుడు. దాని 21వ వెర్షను 2023 అక్టోబరులో వెలువడినది. 2024 జూన్‌తోనే పోషణ ముగిసినది. అటుపై భద్రతాలోపము బయటపడినను దిద్దువారు లేరు. అదే 2023 ఏప్రిల్‌లో వచ్చిన 20వ వెర్షనుకో, 2026 ఏప్రిల్ వరకు సవరణలు నిర్ణయింపబడినవి. అనగా మూడేండ్లు, సరిగా మన డిగ్రీ చదువంత!

క్రొత్తదానిని ఇంటివద్ద పరీక్షించుట తప్పు కాదు, అదియు అవసరమే. కాని ప్రథమ సంవత్సరమున మొదలిడిన ప్రాజెక్టు తృతీయ సంవత్సరమున పరీక్షకుని యెదుట నడవవలెను గదా. ప్రయోగశాల యంత్రములన్నిటను ఒకే దీర్ఘకాల వెర్షను ఉంచవలెనని కమిటీవారికి మా మనవి; ఆ సంఖ్యను విద్యార్థులు తమ రికార్డు మొదటి పుటలో వ్రాసికొనవలెను.