రేణంగివరం రన్‌వే మీద ఒక లెక్క

ఈసారి గుంటూరు నుంచి ఒంగోలు బస్సులో కిటికీ సీటు దొరికితే ఒక చోటు గమనించండి. కొరిశపాడు, రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి కాస్తా రన్‌వే అయిపోతుంది. అత్యవసర సమయంలో విమానాలు దిగడానికి 4.1 కిలోమీటర్ల పొడవున తిన్నగా వేసిన స్ట్రిప్ అది. 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు అక్కడ దిగి చూపించాయి కూడా.

దాన్ని చూసిన ప్రతి బైక్ పిచ్చోడికీ వచ్చే ఆలోచన ఒకటే. మా హాస్టల్‌లో అయితే సెమిస్టర్‌కి ఒకసారైనా ఆ మాట వస్తుంది: "సైలెన్సర్ మార్చి, ఇంజిన్ బోర్ చేయించి, దానిమీద వదిలితే 200 కొట్టదా?" కొట్టదు. ఎందుకు కొట్టదో లెక్క వేసి చూద్దాం. స్పీడ్ రికార్డు కోసం బైక్ కట్టేవాళ్లు అసలు ఏ పని ముందు చేస్తారో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఎదురుగాలి తినేసే పవర్ ఇంత: గాలి సాంద్రతలో సగం × డ్రాగ్ ఏరియా × వేగం ఘనం. డ్రాగ్ ఏరియా అంటే బైకూ మనిషీ కలిసి గాలికి ఎంత అడ్డంగా ఉన్నారో చెప్పే అంకె. నిటారుగా కూర్చుంటే సుమారు 0.6 చదరపు మీటర్లు అనుకోండి. ఎండాకాలం 40 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1.13 కిలోలు. టైర్ల రాపిడి, చెయిన్ నష్టం ప్రస్తుతానికి పక్కన పెడదాం. 100 కి.మీ. వేగానికి 7.3 కిలోవాట్లు కావాలి. 200కి? రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. అంటే 58 కిలోవాట్లు.

మనం తిరిగే 150 సీసీ బైక్ ఇచ్చేది సుమారు 10 కిలోవాట్లు. అది 111 దగ్గర ఆగిపోవాలని లెక్క చెబుతోంది. రోడ్డు మీద కూడా దాదాపు అక్కడే ఆగుతుంది. ఇప్పుడు వేలు పోసి పవర్ 20 శాతం పెంచారనుకోండి. ఘనమూలం తీస్తే 111 కాస్తా 118. అంతే! అదే ఇంజిన్‌ని ముట్టుకోకుండా, ముందు ఫెయిరింగ్ తొడిగి, రైడర్ ట్యాంక్ మీద పడుకునేలా హ్యాండిల్, ఫుట్‌రెస్టులు మార్చి డ్రాగ్ ఏరియాని 0.4కి తెస్తే 127. అందుకే స్పీడ్ బైక్ కట్టేవాళ్లు ముందు ఆకారం మీద పడతారు, తర్వాతే ఇంజిన్ విప్పుతారు.

ఆకారం మారితే గేరింగ్ కూడా మారాలి. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లయితే, 127 కి.మీ. దగ్గర అది నిమిషానికి 1,115 సార్లు తిరుగుతుంది. ఇంజిన్ పవర్ 8,500 ఆర్‌పీఎమ్ దగ్గర గరిష్ఠమైతే టాప్ గేర్‌లో మొత్తం నిష్పత్తి సుమారు 7.6 ఉండాలి. ఆ అంకె వచ్చేలా స్ప్రాకెట్ పళ్లు ఎంచుకోవాలి. ఇంకొకటి, ఫెయిరింగ్ తొడిగాక గాలి తోసే బిందువు బరువు కేంద్రానికి వెనక ఉండాలి. గాలిపటానికి తోక కట్టేది ఎందుకో ఇదీ అందుకే. అది ముందుకొస్తే పక్కగాలి బైక్ మూతిని తిప్పేస్తుంది.

ఇదంతా చేతులతో చేసి చూపించినవాడు న్యూజిలాండ్‌కి చెందిన బర్ట్ మన్రో. ఆయన బండి 1920 నాటి ఇండియన్ స్కౌట్. ఇండియన్ అంటే మన దేశం కాదు, అమెరికన్ కంపెనీ పేరు. కొన్నప్పుడు అది 600 సీసీ, గంటకు 55 మైళ్లు పోయేది. పిస్టన్లు తనే పోత పోసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు పాత ట్రాక్టర్ యాక్సిల్ నుంచి చెక్కుకున్నాడు. బైక్ మొత్తానికి చేప లాంటి తొడుగు కట్టాడు. 1967లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానం మీద, 68 ఏళ్ల వయసులో 183.586 మైళ్ల రికార్డు పెట్టాడు, అంటే సుమారు 295 కి.మీ. ఆ సగటు వేసిన లెక్కలో తప్పుందని తర్వాత ఆయన కొడుకు గుర్తించాడు. 2014లో దాన్ని 184.087కి సరిదిద్దారు. మన్రో 1978లోనే పోయాడు. ఇంటర్నల్స్‌లో సగటు లెక్క తప్పి మార్కులు పోగొట్టుకున్నవాళ్లం కాస్త ఊరట పడచ్చు.

మనకి దగ్గర ఉదాహరణ చెన్నై బైక్. 2018లో 18 ఏళ్ల కేలా రివాస్ అదే ఉప్పు మైదానం మీద, మార్పులు చేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650తో 157 మైళ్లు దాటింది. అంటే 252 కి.మీ. పైనే. షోరూమ్‌లో ఆ ఇంజిన్ ఇచ్చేది 47 హార్స్‌పవర్.

సరే, మళ్లీ రేణంగివరం వద్దాం. కాగితం మీద 4.1 కి.మీ. బాగానే సరిపోతుంది: మధ్యలో ఒక కిలోమీటరు టైమింగ్‌కి, అటూ ఇటూ ఒకటిన్నర చొప్పున వేగం అందుకోవడానికి, ఆగడానికి. అంతర్జాతీయ రికార్డుకి రెండు దిక్కులా పరిగెత్తి సగటు తీయాలి, గాలివాటం లాభం చెల్లిపోవాలి కదా. 200 దగ్గర బ్రేక్ వేస్తే ఆగడానికి 300 మీటర్ల దాకా పట్టచ్చు. మన బైక్ టైర్ మీద సాధారణంగా ఉండే 'పి' అక్షరానికి అర్థం 150 కి.మీ. దాకానే హామీ అని.

కానీ అది కాగితం మీదే ఆగాలి. విమానాలు దిగిన రోజున ట్రాఫిక్ మళ్లించారు, అంబులెన్సులు పెట్టారు. మామూలు రోజున అది నలుగురి రోడ్డు. జనవరి నుంచి మిరప కోతలు. తెల్లారకముందే కూలీ ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటోలు, టిక్కీలు నింపుకుని యార్డుకి పోయే ట్రాక్టర్లు ఆ హైవే ఎక్కుతాయి, దిగుతాయి. చాలా ట్రాలీలకి వెనక లైటు కూడా ఉండదు. 200లో సెకనుకి 55 మీటర్లు పోతాం. ఆటో కనపడి చెయ్యి బ్రేక్ మీదకి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. ఇక ఆగడానికి ఇందాక చెప్పినట్టు 300 మీటర్ల దాకా. పబ్లిక్ రోడ్డు మీద స్పీడ్ ట్రయల్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం అన్నది సరే, అసలు కారణం మాత్రం ఆ ఆటోలో కూర్చున్నవాళ్లు. వాళ్లలో మనలో ఎవరి అమ్మో, పిన్నో ఉండచ్చు.

నిజంగా ఉత్సాహం ఉంటే దారులున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే. మహారాష్ట్ర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద 'వ్యాలీ రన్' డ్రాగ్ పోటీలు జరిగాయి. అంతకంటే ముందు ల్యాబ్‌లో విండ్ టనెల్ ఉంటే థర్మోకోల్‌తో ఒక ఫెయిరింగ్ మోడల్ చెక్కి, డ్రాగ్ ఎంత తగ్గిందో కొలవండి. ఈసారి హాస్టల్‌లో వాదన వచ్చినప్పుడు ఆ రీడింగులు పట్టుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం.