లాటిన్ ఎందుకు చదువుతారు?

డిసెంబరు సంవత్సరంలో పన్నెండో నెల. కాని ఆ పేరులో ఉన్న సంఖ్య పది. ప్రాచీన రోమనుల సంవత్సరం ఒకప్పుడు మార్చితో మొదలయ్యేది. అలా లెక్కిస్తే సెప్టెంబరు ఏడోది, డిసెంబరు పదోది అవుతాయి. రోమనుల భాష లాటిన్. అందులో ఏడు 'సెప్తెమ్', ఎనిమిది 'ఒక్తో', తొమ్మిది 'నొవెమ్', పది 'దెకెమ్'. వీటి పక్కన సప్త, అష్ట, నవ, దశ అనే సంస్కృత సంఖ్యలను ఉంచి పైకి చదవండి. చుట్టరికం వినిపించడం లేదూ?

ఈ చుట్టరికాన్ని లోకానికి చాటినవారిలో సర్ విలియం జోన్స్ ప్రసిద్ధుడు. ఆయన కలకత్తాలో న్యాయమూర్తి. బడిలోనే లాటిన్, గ్రీకు నేర్చాడు. ఇక్కడికి వచ్చాక సంస్కృతం చదివాడు. ఈ మూడు భాషలూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో చెప్పాడు. చిన్ననాటి లాటిన్ చదువు లేకపోతే ఆయనకు ఆ ఊహ తోచేదా? తరువాత ముప్పై ఏళ్లకు, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, ఈ భాషలది వేరే కుటుంబమనీ వాదించాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు ఆ పోలికలు పుస్తకం తెరవకముందే తెలుసు. వీధిలో మరాఠీ వినేవారికి 'సాత్, ఆఠ్' అన్నప్పుడల్లా లాటిన్ దూరపు బంధువు పలకరించినట్టే. 1954 వరకు యానాంను పాలించిన ఫ్రెంచివారి భాష అయితే లాటిన్ కూతురే.

ఐరోపాలో వందల ఏళ్లు చదువంటే లాటినే. న్యూటన్ ఇంగ్లీషువాడైనా, 1687లో తన 'ప్రిన్సిపియా' గ్రంథాన్ని లాటిన్‌లోనే ప్రకటించాడు. అలా రాస్తేనే ఇతర దేశాల పండితులు చదవగలిగేవారు. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ మొక్కలకు రెండేసి మాటల లాటిన్ పేర్లు పెట్టాడు. మన మామిడి 'మాంజిఫెరా ఇండికా' అయింది. 'ఫెరా' అంటే కాసేది, 'ఇండికా' అంటే భారతదేశపుది. మొదటి ముక్క మాత్రం మనదే. దక్షిణాది 'మాంగా' పోర్చుగీసువారి నోట ఓడెక్కి ఐరోపా చేరింది. వరిని 'ఒరైజా సటైవా' అంటారు. 'సటైవా' అంటే విత్తి పండించేది.

లాటిన్ వ్యాకరణం కష్టమని ఇంగ్లీషు పిల్లలు వాపోతారు. తెలుగు పిల్లలకు అంత భయం అక్కరలేదు. 'రాముడు సీతను చూశాడు', 'సీతను రాముడు చూశాడు' అని ఎలా అన్నా అర్థం మారదు. 'ను' అనే ప్రత్యయం ఆ పని చూసుకుంటుంది. లాటిన్‌లోనూ అంతే. 'పుయెల్లా రోసమ్ విదెత్' అంటే బాలిక గులాబీని చూస్తోంది. 'రోసా' చివర చేరిన 'మ్' మన 'ను' వంటిది. మాటల వరుస మార్చినా బాలికే చూస్తుంది.

లాటిన్ చదివితే బుద్ధి పదునెక్కుతుందని ఉపాధ్యాయులు చాలాకాలం నమ్మారు. 1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ వేలమంది విద్యార్థులను పరీక్షించి, ఈ విషయంలో లాటిన్‌కు ప్రత్యేకమైన శక్తి ఏదీ లేదని తేల్చాడు. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. పూర్వం కొన్ని బడులలో పిల్లలు తమ ఇంటి భాష మాట్లాడితే దండించేవారు. ఏ భాష నేర్పడానికైనా అది తగిన పద్ధతి కాదు. లాటిన్ ఇప్పుడు ఎవరి ఇంటి భాషా కాదు. అయినా ఇటలీ, జర్మనీలలో ఎందరో పిల్లలు దాన్ని బడిలో చదువుతున్నారు. ఇంట్లో మాత్రం అమ్మభాషే మాట్లాడుకుంటారు.

ఆలోచించి రాయండి
1. డిసెంబరు పేరులో పది ఎందుకు ఉంది?
2. జోన్స్, ఎల్లిస్ ఏయే భాషలను పోల్చారు? వారి నిర్ణయాలలో తేడా ఏమిటి?
3. మీ ఊరి భాషలో ఒకటి నుంచి పది వరకు అంకెలను తెలుగు అంకెల పక్కన రాయండి. ఏవి కలుస్తున్నాయి?