అరికాళ్ల మంటలు, తిమ్మిరి

మన సంఘ సభ్యులలో అనేకులు, విశేషించి నలువది యేండ్లు దాటినవారు, రాత్రివేళ అరికాళ్లు మండుచున్నవనియు, చీమలు ప్రాకినట్లును సూదులు గ్రుచ్చినట్లును ఉన్నదనియు మాతో చెప్పుచుందురు. కొందరు వేడి చేసినదందురు, కొందరు వాతమందురు. మజ్జిగ త్రాగి, ఆముదము వ్రాసికొని ఊరకుందురు. ఆముదమువలన హాని లేదు. కారణమును వెదకకుండుటయే హాని.

వెన్నునుండి కాలివ్రేళ్ల కొనవరకు పోవు నరము మిక్కిలి పొడవైనది. మూడడుగులకు పైబడి యుండును. దాని మూలకణము వెన్నుదగ్గర నున్నది. కొనకు వలసిన పదార్థములలో చాలవరకు అచ్చటినుండియే సాగిరావలయును. కాలువలో నీరు తగ్గినపుడు మొదట ఎండునది చివరి మడియే గదా. అట్లే నరములకు చెరుపు కలిగినపుడు మొదట కాలివ్రేళ్లు, పిమ్మట పాదములు, అది మోకాళ్ల దరికి వచ్చుసరికి చేతివ్రేళ్లు తిమ్మిరెక్కును. సాధారణముగా రెండు కాళ్లకును సమముగా వచ్చును. ఒక కాలు మాత్రమే నడుమునుండి లాగుచున్నచో అది వేరు వ్యాధి.

నేడు దీనికి హెచ్చుగా కారణమగుచున్నది మధుమేహము. అతిగా మద్యము సేవించుట మరియొకటి. బి12 అను విటమిను తక్కువైనను వచ్చును. మాంసము, గ్రుడ్లు, పాలు ముట్టనివారును, మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్లకొలది వాడువారును రక్తపరీక్ష చేయించుకొనవలయును. ఒంటిపై పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ యున్నచో కుష్ఠు కావచ్చును; దానికి ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము, ఆలసించినచో వ్రేళ్లు వంకరపోవును. కొన్ని పురుగుమందుల విషము సోకి బ్రదికినవారికి రెండు మూడు వారముల పిమ్మట కాళ్లు బలహీనమగుటయు కలదు. చేతితొడుగులు లేక మందు కలుపువారు ఇది గమనింతురు గాక.

బియ్యమునకును దీనికిని గల సంబంధము రైతులు తెలిసికొనదగినది. పూర్వము మన సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి యుండెడిది. జావా ద్వీపములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, మరపట్టిన తెల్లబియ్యము మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టగా తేరుకొనుటయు కనిపెట్టెను. అందులకు ఆయనకు 1929లో నోబెలు బహుమానము లభించెను. తవుడులోని ఆ పదార్థమే బి1 విటమిను. 1936లో దానిని కృత్రిమముగా తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీలకు జన్మించినవాడు. ధాన్యమును ఉడికించి ఆరబెట్టునపుడు ఈ సారము కొంత గింజలోనికి దిగును. కావున ఉప్పుడు బియ్యము తినువారిలో బెరిబెరి అరుదు. తవుడంతయు పశువులకు పెట్టి, తెల్లని అన్నమే గొప్పయని మురియుట మాకు వింతగా తోచును.

ఇక చికిత్స. మొదట కారణమునకే మందు. బి12 లోపమునకు సూదిమందు వేయుదురు. మధుమేహమును అదుపులో నుంచినచో వ్యాధి ముదురుట తగ్గును. మంటకు అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ అను మందులలో నొకటి వైద్యులిత్తురు. ఇవి బాధను పూర్తిగా తీసివేయుట అరుదు. సగము తగ్గినను నిద్రపట్టును, అదియే మేలు. వీనిలో కొన్ని మత్తు కలిగించును గనుక రాత్రివేళ మోటారు వేయుటకు పొలము పోవువారు ఆ మాట వైద్యునితో ముందే చెప్పవలయును. వీనిని హఠాత్తుగా మానరాదు. అంగడిలో కొను సాధారణపు నొప్పిమాత్రలు ఈ బాధకు అంతగా పనిచేయవు. దినదినము మ్రింగినచో మూత్రపిండములు చెడును. మిరపకాయలోని కారపు సారముతో చేసిన లేపనము కొందరికి గుణమిచ్చును. అట్లని పచ్చికారము రుద్దుకొనరాదు, బొబ్బలెక్కును.

మంట తగ్గి మొద్దుబారుట వ్యాధి కుదిరినట్లు కాదు, స్పర్శ చచ్చినదన్నమాట. అట్టివానికి ముల్లు దిగినను తెలియదు. పుండు పడి, చీము పట్టి, కాలు తీసివేయవలసిన స్థితికి వచ్చినవారు కలరు. దమ్ము చేసి వచ్చిన వెంటనే పాదములు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాలు చూచుకొనవలయును. వంగలేనివారు అద్దము పెట్టుకొనవచ్చును, లేదా ఇంటివారిచే చూపించుకొనవచ్చును. వేడినీటిని మోచేతితో పరీక్షింపవలయును. పొడిభూమిలో చెప్పులు లేక నడువరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు.

పుండు చుట్టు ఎఱుపు, వాపు, దుర్వాసన, జ్వరము కనబడినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలయును. కొలది దినములలోనే కాళ్లు పడిపోవుచు, బలహీనత పైకి ప్రాకుచు, ఊపిరి కష్టమైనచో ఒక గంటయు జాగు చేయరాదు.