రామగుండము యూరియా - ఇనుము చేయు పని

వరినాట్లు ముగిసిన కొలది దినములకే రైతులు యూరియా బస్తాల కొరకు బారులు తీరుట వేములవాడ ప్రాంతమున మనమందరము ఎరిగినదే. ఆ తెల్లని గుళికల వెనుక ఇనుము చేయు పనిని గూర్చి మా విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

యూరియా కర్బన సమ్మేళనము. జీవదేహమందే పుట్టునని తలచిన ఈ పదార్థమును 1828లో వోలర్ ప్రయోగశాలలో తయారుచేసెను. నేడు అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును అధిక పీడనమున కలిపి దీనిని చేయుదురు. ఈ తుదిమెట్టునకు ఉత్ప్రేరకము అక్కరలేదు. కష్టమంతయు అమ్మోనియా తయారీలోనే యున్నది.

గాలిలో 78 శాతము నత్రజనియే. అయినను దాని పరమాణువులు రెండును త్రిబంధముతో పెనవేసికొని యుండుటచే వరిపైరునకు అది అందదు. అమ్మోనియా ఏర్పడునపుడు వేడి వెలువడును. కావున తక్కువ ఉష్ణోగ్రతయందే దిగుబడి అధికము. కాని అచ్చట చర్య నత్తనడక నడచును. వేడి పెంచిన వేగము హెచ్చును, దిగుబడి తగ్గును. ఈ చిక్కును సడలించునది ఇనుము. పరివర్తన లోహము గనుక అది తన డి-ఎలక్ట్రానులను త్రిబంధములోనికి ఒసగి, దానిని బలహీనపరచి తెంపును. ఉపరితలమున నిలిచిన నత్రజని పరమాణువు ఒకటొకటిగా మూడు ఉదజని పరమాణువులను గ్రహించి అమ్మోనియాగా లేచిపోవును. ఆ చోటు మరల ఖాళీ యగును. ఈ మెట్లను స్పష్టపరచిన ఎర్టల్ 2007లో నోబెల్ బహుమతి నందెను.

"ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనదు" అను వాక్యమును జవాబు పత్రములలో ప్రతియేట చదువుచున్నాము. అది తప్పు. పాల్గొనును, తుదకు మిగులును. సమతాస్థితిని మాత్రము మార్చజాలదు, త్వరగా చేర్చును.

1909లో హేబర్ వాడిన ఆస్మియము మిక్కిలి అరుదైనది. మిటాష్ వేలకొలది పరీక్షలు జరిపి, స్వీడను ఖనిజమునందలి మలినములే దాని శక్తికి కారణమని గ్రహించి, ఇనుమునకు అల్యూమినా, పొటాష్ చేర్చెను. శుద్ధమైన ఇనుముకన్న కల్తీ ఇనుము మేలగుట వింతయే!

అన్ని మలినములును మేలు చేయవు. గంధకము ఇనుమునకు విషము. 1980లో ఉత్పత్తి ఆరంభించిన రామగుండము పాత కర్మాగారము బొగ్గుపై నడచినది; బొగ్గులో గంధకము ఉండుటచే వాయువును కడిగి శుద్ధి చేయవలసి వచ్చెడిది. అది 1999లో మూతబడెను. 2021లో ఆరంభమైన నేటి కర్మాగారము సహజవాయువుపై నడచును. అచ్చట మీథేను, నీటియావిరులనుండి ఉదజనిని రాబట్టునది నికెలు. దానికిని గంధకము గిట్టదు. దినమునకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యము. వాయువు శుద్ధముగా నున్నచో, ఒకమారు నింపిన ఇనుమును ఏండ్ల తరబడి మార్చనక్కరలేదు.