తిట్టడానికి పిలవొద్దు

ప్రొద్దుటూరు,
మాఘమాసం.

అల్లుడూ,

కుక్కపిల్లను తెచ్చుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిత్తకార్తెలో జతకట్టిన కుక్కలు 63 రోజులు అటూ ఇటూగా, అంటే డిసెంబరులో, పిల్లలు పెడతాయి. ఆ లెక్కన నీదానికి ఎనిమిది వారాలు నిండుంటాయి. అన్నాళ్లూ తల్లి దగ్గరే ఉండనిచ్చి మంచి పని చేసినావు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పో కుక్కపిల్ల నేర్చుకునేది తోడబుట్టినవాటితో కొట్లాడుతూనే.

ఫోన్లో వీడియోలు చూసి దానికి షేక్‌హ్యాండ్ నేర్పిస్తున్నావంట. నేర్పు, ఇంటికొచ్చినోళ్లు మెచ్చుకుంటారు. కానీ పెద్దముడియంలో కుక్క బతికి బట్టకట్టాలంటే కావలసిన విద్య వేరే ఉంది. రోడ్డు మీద శనగ బస్తాల ట్రాక్టర్లు, సందులో గొర్రెల మంద, ఎదురింటి కోళ్లు, చేన్లో ఎవరో ఎలుకలకు పెట్టిన మందు. వీటన్నిటి నుంచీ దాన్ని కాపాడేది ఒకటే. నువ్వు పిలిస్తే, ఉన్న పని ఉన్నట్టే వదిలేసి నీ దగ్గరికి రావాల.

ముందు పేరు తేల్చండి. నువ్వొకటి, చెల్లెలొకటి, జేజి ఇంకొకటి అంటా ఉంటే తన పేరేదో దానికెట్లా తెలుస్తాది? రెండక్షరాల పేరు ఒకటి పెట్టి ఇంటిల్లిపాదీ అదే అనండి.

మొదట వసారాలో నాలుగడుగుల దూరంలో కూర్చొని, పేరు పెట్టి "రా" అను. రాగానే ఉడికిన గుడ్డు ముక్క గోరంత నోట్లో పెట్టు. నువ్వు లేచి వంటింట్లోకి పోయి తెచ్చేలోపు అది తోక కొరుక్కుంటా ఉంటే, తోక కొరికినందుకే పెట్టినావనుకుంటుంది. ఐదు నిమిషాలు చాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. దానికి విసుగు పుట్టకముందే ఆపు. వసారాలో కుదిరినాక వాకిట్లో, ఆ తర్వాత మెడకు పొడుగు తాడు కట్టి కళ్లంలో. కళ్లంలో శనగల మీద పావురాలు వాలుతుంటే దాని ప్రాణమంతా అక్కడే ఉంటాది. రాలేదని కేకలేయొద్దు, వెంటపడొద్దు. వెంటపడితే అదొక ఆటనుకుంటుంది. తాడు వదలకుండా నువ్వే ఎదురు దిక్కుకు నాలుగడుగులు పరిగెత్తు, అదే నీ వెనక వస్తుంది.

ఇక అసలు మాట. పిలిచి ఎప్పుడూ తిట్టొద్దు, కొట్టొద్దు. నీళ్లు పోయడానికి, మందు తాపడానికి, కట్టెయ్యడానికి కూడా పిలవొద్దు. ఆ పనులకు నువ్వే పోయి ఎత్తుకో. మీ నాయన చెప్పు నమిలిందనుకో. ఆయన "రా ఇట్లా" అని పిలిచి అదే చెప్పుతో ఒకటేస్తే, చెప్పు కొరకడం తప్పని దానికి తెలియదు. ఈయన పిలిస్తే పోగూడదని మాత్రం బాగా తెలుస్తుంది. రేపు గొర్రెలాయన కట్టె ఎత్తినప్పుడు మీరెంత పిలిచినా రాదు. ఈ ముక్క మీ నాయనకు నీ మాటగానే చెప్పు. బావమరిది సలహా ఏ బావకు రుచించింది గనక!

పద్నాలుగు వారాల లోపల బెదరకుండా చూసినవాటికి కుక్క పెద్దయినాక కూడా అంతగా బెదరదు. అంటే ఉగాది లోపే దానికి బస్సు హారన్, మంద, కోళ్లు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి అన్నీ అలవాటు కావాల. అట్లని వీధిలో వదలొద్దు. టీకాలు పూర్తి కాని పిల్లకు వీధిలో పార్వో అంటుకుంటే నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. చంకనెత్తుకొని దూరం నుంచి చూపించు, చూసినప్పుడల్లా ఏదో ఒకటి పెట్టు.

ఇప్పుడే పశువుల ఆసుపత్రికి తీసుకుపో. నులిపురుగుల మందు, మొదటి టీకా వేయించు. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన. 1885 జూలై 6న పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే పిల్లోనికి ఆ టీకా మొదటిసారి వేయించినాడు. ఆ తేదీకే ఏటా మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా వేస్తుంటారు గానీ, అందాకా ఆగొద్దు. ఆటలో దాని పన్ను దిగి చెల్లెలికి నెత్తురొస్తే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి సర్కారు ఆసుపత్రికి తీసుకుపో. పసుపూ సున్నమూ పూయనియ్యొద్దు.

ఒంటికీ రెంటికీ నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే ఒకే చోటికి తీసుకుపో. ఇంట్లో పోస్తే తుడిచెయ్యి, ముక్కు పట్టి అందులో రుద్దడం పనికిరాని పని.

జేజి సంగటి ముద్ద కలిపి పెడతాది, మంచిదే. అందులోకి మాత్రం ఎర్రగడ్డ, తెల్లగడ్డ పడిన కూర పులుసు పొయ్యగూడదు. కుక్క నెత్తురుకు అది చేటు. ఉడికిన కోడి ఎముకలూ వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఊరబిండి అయితే చెప్పనే అక్కరలేదు. జేజికి కోపమొస్తే, ఆ ఊరబిండి నాకోసం ఎత్తిపెట్టమను, ఉగాదికి వస్తున్నా.

మీ మామ