ఉపరితల తరంగములు - భూపటల రహస్యములు

కుండను కొనువారు దానిని వ్రేలితో కొట్టి చూతురు. ధ్వనిని బట్టి అది గట్టిదో, బీటవారినదో తెలియును, పగులగొట్టి చూడనక్కరలేదు. మన కాళ్ళ క్రిందనున్న భూమిని గూర్చి తెలిసికొను మార్గమును ఇట్టిదే. రష్యాలోని కోలా ద్వీపకల్పమున త్రవ్విన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతునకు చేరినది. కాని ఖండముల క్రింద భూపటలము సామాన్యముగా 35 కిలోమీటర్లకు పైగా మందము కలిగియుండును. మిగిలిన లోతును మనకు ముఖ్యముగా ఎరుకపరచునవి భూకంప తరంగములే.

భూకంపము సంభవించినపుడు కొన్ని తరంగములు భూగర్భము గుండా పోవును. మరికొన్ని భూమి పైపొరలను అంటిపెట్టుకొని పయనించును. ఇవియే ఉపరితల తరంగములు. వీనిలో ఒక రకమును 1885లో రేలీ, మరియొక రకమును 1911లో లవ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు గణితము ద్వారా నిరూపించిరి. రేలీ తరంగము నేలను పైకి క్రిందికి, ముందు వెనుకలకు ఊపును. లవ్ తరంగము ప్రక్కలకు ఊపును.

వీని విశేషమేమి? దీర్ఘమైన ఆవర్తన కాలము గల తరంగము ఎక్కువ లోతు వరకు వ్యాపించును. లోతునందలి శిలలు మరింత దృఢమైనవగుటచే సాధారణముగా అది వేగముగా పోవును. స్వల్పమైన ఆవర్తన కాలము గలది పైపొరలకే పరిమితమై మెల్లగా నడచును. కావున ఒకేచోట కలిసి బయలుదేరిన తరంగములు దూరము పోయిన కొలది విడిపోవును. దీనినే విక్షేపణము అందురు.

ఒక లెక్క చూతము. భూకంపము 3,000 కిలోమీటర్ల దూరమున జరిగినదనుకొందము. 40 సెకనుల ఆవర్తన కాలము గల రేలీ తరంగము సెకనుకు 3.6 కిలోమీటర్ల వేగముతో 833 సెకనులలో మనలను చేరును. 20 సెకనులది 3 కిలోమీటర్ల వేగముతో వేయి సెకనులకు గాని రాదు. రేలీ తరంగము ముఖ్యముగా తన దైర్ఘ్యములో సుమారు మూడవ వంతు లోతు సంగతి తెలుపును. మొదటి దాని దైర్ఘ్యము సుమారు 150 కిలోమీటర్లు. కనుక అది 50 కిలోమీటర్ల లోతున ప్రావారమును తడవి వచ్చినది. రెండవది భూపటల మధ్యభాగపు వార్త తెచ్చినది.

అయితే ఒక హెచ్చరిక. మందమును కొంత పెంచి, శిలలలోని వేగమును తదనుగుణముగా మార్చినను లెక్క సరిపోవచ్చును. ఒకే కొలతకు పెక్కు సమాధానములుండుటచే ఇతర తరంగముల సాక్ష్యమును గూడ జోడింపవలెను. 1961లో హైదరాబాదున నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు దక్షిణాపథమున ఈ పద్ధతినే అనుసరించిరి. తూర్పు ధార్వాడ శిలాఖండము క్రింద భూపటలము సుమారు 35 కిలోమీటర్లనియు, పశ్చిమ ధార్వాడమున 40 నుండి 50 కిలోమీటర్ల వరకు ఉన్నదనియు తేలినది.

భూకంపములు అరుదైన చోట ఏమి చేయవలెను? సముద్రపు అలలు సైతము నేలను నిరంతరము సన్నగా కంపింపజేయును. రెండు కేంద్రములలోని ఈ అలికిడిని సరిపోల్చి, వాని నడుమ సాగు ఉపరితల తరంగములను గుర్తింపవచ్చునని 2005లో కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధన చాటినది.

దక్కను నేల నిశ్చలమని మనవారు చిరకాలము నమ్మిరి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో వేలమంది నిద్రలోనే మరణించిరి. భూకంపము ఎన్నడు వచ్చునో ఈ విద్య చెప్పజాలదు. ఏ నేలపై ఇల్లు కట్టుకొంటిమో తెలుపగలదు. భౌతికశాస్త్ర తరగతిలో తరంగముల పాఠమును పరీక్షకొరకే చదువు విద్యార్థి మిత్రులు ఈ సంగతి మరువకుందురు గాక!