వాకిలి పరుపుకు బండలా, బ్లాకులా?

గేటు నుంచి కారు షెడ్డు వరకు పరిచే సరుకులో పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యనే ఉన్నది. ఒకటి తాండూరు, బేతంచెర్ల వంటి సున్నపురాతి బండలు, రెండవది సిమెంటు పేవర్ బ్లాకులు. రెండూ చదరపు అడుగుల లెక్కన అమ్ముడవుతాయి. చిక్కంతా అక్కడే. అడుగు ధర కుదరగానే బేరం ముగుస్తుంది, మందం మాట ఎవరూ ఎత్తరు.

2006 నాటి భారత ప్రమాణం ఐఎస్ 15658 తేలిక రాకపోకలకు 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గ్రేడు. మధ్యరకం రాకపోకలకు 80 మిల్లీమీటర్లు, ఎం-40 గ్రేడు సూచించింది. 50 మి.మీ. సరుకు వాహనాలు తిరగని చోటికే. కారు ఒక్కటే వచ్చే ఇంటికి 60 చాలును. కాని హైదరాబాదు వేసవిలో నీళ్ల ట్యాంకరు గేటు దాటి లోనికి వచ్చే ఇళ్లు తక్కువేమీ కాదు. కారును చూసి కొన్న సరుకు ట్యాంకరును మోయవలసి వస్తుంది. అటువంటి ఖాతాదారుకు 80 చూపించి, మందం, గ్రేడు బిల్లులో వ్రాయడం వర్తకునికే క్షేమం.

కిరాయి లెక్క వేరు. 200 × 100 మి.మీ. కొలత బ్లాకులు చదరపు మీటరుకు 50 పడతాయి. 60 మందమైతే మీటరుకు సుమారు 144 కిలోలు, 80 అయితే 192. అంటే 10 టన్నుల లోడులో మొదటిది సుమారు 750 చదరపు అడుగులు, రెండవది 560 మాత్రమే వస్తుంది. ఫ్యాక్టరీ ధరల తేడా చూసి ఊరుకోక, కిరాయితో కలిపి అడుగు ఎంతకు పడుతుందో చూడవలెను.

బండ పలుచన గనుక కిరాయి కలిసివస్తుంది. దారిలో విరిగిన తరుగు ఎవరి ఖాతాకో మాత్రం ముందే తేల్చుకోవాలి. బండ కింద గట్టి కాంక్రీటు లేక గుల్ల మిగిలితే చక్రం పడినచోట పగులుతుంది. తప్పు మేస్త్రీది, ఫిర్యాదు దుకాణానికి! వాలు వాకిలికి పాలిష్ బండ పనికిరాదు, వానలో జారుతుంది. రబ్బరు అచ్చులలో పోసిన మెరుపు బ్లాకులకూ ఈ దోషం ఉన్నది.

బ్లాకుకు అడుగున దిమ్మిస చేసిన కంకర, పైన ఇసుక, చుట్టూ అంచు కట్టు ఉండాలి. అంచు లేకుంటే బ్లాకులు ఎడమవుతాయి. పైపు మరమ్మతు వస్తే విప్పి తిరిగి పరుచుకోవచ్చు. బండకు ఆ వీలు తక్కువ.

ఆర్డరుకు ముందు నమూనా చూడడం మేలు. బాగా ఎండిన 60 మి.మీ. బ్లాకు ఇంచుమించు 2.9 కిలోలు తూగుతుంది. 24 గంటలు నీట నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచితే పెరుగుదల 6 శాతం, అనగా 170 గ్రాములు దాటరాదు. దాటిన సరుకు ఎంత చౌకైనా నిలవ పెట్టుకోదగినది కాదు.